ప్రయాణపు పెట్టెలో చిన్న సంచులు

(విహారయాత్రకు పూర్వము జరిగిన తల్లిదండ్రుల సమావేశమున మన ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



గత సమావేశమున ఒక తల్లిగారు లేచి, "పిల్లలను విజయవాడ యాత్రకు పంపునప్పుడు ప్యాకింగ్ క్యూబులు కొనవలెనా?" అని అడిగిరి. వెనుక వరుసలోని తండ్రులు కొందరు నవ్విరి. ఒకరు, "అవి ఏమిటండీ, తినేవా?" అనిరి. అడిగిన తల్లిగారు చిన్నబోయి కూర్చుండిరి. ఆ ప్రశ్న నవ్వదగినది కాదని నాకు అప్పుడే తోచినది గాని, సరియైన సమాధానము నా యొద్ద లేకుండెను. తెలియని విషయమును గూర్చి తెలిసినట్లు మాటలాడుట ఉపాధ్యాయునకు మిక్కిలి సులభము. అందుచేతనే ఒక నెల గడువు అడిగితిని. ఆ గడువు నేటితో తీరినది.

ముందుగా ఆ వస్తువు ఏదో తెలియనివారికి చెప్పెదను. పలుచని నైలాను గుడ్డతో కుట్టిన చతురస్రాకారపు సంచులు అవి. మూడు ప్రక్కల జిప్పు ఉండును. పైభాగమున వల ఉండుటచే లోపల ఏమున్నదో కనబడును. పెద్దవి, నడిమివి, చిన్నవి కలిపి ఐదారు ఒక జతగా అమ్ముదురు. బట్టలను రకముల వారీగా ఈ సంచులలో పెట్టి, ఆ సంచులను పెట్టెలో సర్దుకొనవలెను. ఇంతే సంగతి. మన గణితోపాధ్యాయులు వీనిని చూచి, "ఇది ఘనము కాదండీ, దీర్ఘఘనము, పేరే తప్పు" అనిరి. లెక్కల మేష్టరు దృష్టిలో ఆ ఆక్షేపణ న్యాయమే గాని, మన సందేహము దానితో తీరదు గదా!

పేరు క్రొత్తదే గాని, పని క్రొత్తది కాదు. దూరప్రయాణమునకు సామాను సర్దుకొనుట మన చెన్నపట్టణపు తెలుగువారికి చిరకాలముగా తెలిసిన విద్య. ఇచ్చటి సుప్రీము కోర్టులో ప్రధాన ద్విభాషిగా ఉండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే 18వ తేదీన ఈ పట్టణము నుండి కాశీయాత్రకు బయలుదేరిరి. తల్లి, భార్య, బంధువులు, పరిచారకులు, బోయీలు అందరును కలిసి సుమారు వందమంది. తిరుపతి, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశికి పోయి, గయ, కలకత్తా, జగన్నాథము చూచుకొని, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి చెన్నపట్టణము చేరిరి. పదునైదు నెలలకు పైగా ప్రయాణము. తమ మిత్రులు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ల గారికి వారు వ్రాసిన వృత్తాంతమే 1838లో 'కాశీయాత్ర చరిత్ర' యను గ్రంథముగా వెలువడినది. అప్పటికి వీరాస్వామయ్యగారు జీవించి లేరు. ఇది మన పాఠశాల గ్రంథాలయమున ఉన్నది. తండ్రులు తీసికొనిపోయి చదివినచో నేను మిక్కిలి సంతోషింతును. ఇంతవరకు ఎవరును తీసికొనిపోలేదు.

వందమందితో, పల్లకీలతో, డేరాలతో, మనుష్యుల భుజముల మీద సామాను మోయించుకొని పోవువాడు ఏ వస్తువు ఏ మూటలో ఉన్నదో ఎరుగకున్నచో ఒక్క మజిలీయైనను సాగునా? వానలో ఏరు దాటి ఆవలి యొడ్డున దిగిన పిమ్మట వంటపాత్రలు ఒకచోట, బియ్యము ఒకచోట వెదకుకొనుచు కూర్చుండిన, ఆ పూట పస్తే గదా!

1856లో రాయపురము స్టేషను నుండి వాలాజా వరకు పొగబండి నడచినది మొదలు ప్రయాణపు తీరు మారినది. బోయీలు పోయిరి, ట్రంకు పెట్టె వచ్చినది. నా చిన్ననాట మేము వేసవి సెలవులకు నెల్లూరు పోవునప్పుడు ఒక ట్రంకు పెట్టె, ఒక హోల్డాలు, ఒక మరచెంబు, ఒక టిఫిను క్యారియరు మా వెంట వచ్చెడివి. ఆ ట్రంకు పెట్టెలో మా నాయనమ్మ బట్టలను విడిగా పెట్టనిచ్చెడిది కాదు. పాత పంచెలను చించి, నాలుగు మూలలు కట్టి, మనిషికొక మూట చేసెడిది. తాతగారి మూటకు తెల్లని పంచె, పిల్లల మూటలకు రంగు చీరముక్కలు. శొంఠి, వాము, అమృతాంజనము, గాయమునకు కట్టు గుడ్డ ఉన్న చిన్న మూట మాత్రము పెట్టెలోనికి పోయెడిది కాదు; అది ఆమె ఒడిలో ఉండెడిది. బండిలో ఎవరికి ఏది కావలసినను ఆమె పెట్టెమూత సగమెత్తి, చేయి లోపలికి పోనిచ్చి, చూడకుండనే తీసి యిచ్చెడిది. కావున ప్యాకింగ్ క్యూబులు అన్య దేశపు వింతయని ఎవరైన అన్నచో నేను ఒప్పుకొనను. మా నాయనమ్మ యొద్ద జిప్పు లేదు, అంతే.

ఇక నేను చేసిన పరీక్షను చెప్పెదను. ఒక ఆరు సంచుల జతను 600 రూపాయలిచ్చి కొంటిని. నాలుగు దినముల ప్రయాణమునకు వలయు బట్టలను ఒక సంచీలో మామూలుగా మడిచి పెట్టి, కొక్కెపు త్రాసున తూచితిని. 8 కిలోల 100 గ్రాములు తూగినది. అవే బట్టలను ఐదు క్యూబులలో సర్ది మరల తూచితిని. 8 కిలోల 450 గ్రాములు. అనగా బరువు తగ్గలేదు, 350 గ్రాములు పెరిగినది. పెరిగినది ఆ సంచుల బరువే. ఇందులో వింత లేదు గాని, ఇవి సామాను తేలికపరచునని నమ్మి కొనువారు కలరు గనుక చెప్పుచున్నాను. విమానమున పోవువారికి చేతిసంచీ 7 కిలోలు, లోపల వేయు పెట్టె సాధారణముగా 15 కిలోలు మాత్రమే గనుక ఆ 350 గ్రాములు కూడ లెక్కకు వచ్చును.

స్థలము మాట యేమి? మామూలు క్యూబులతో స్థలము కలిసిరాదు. వట్టి గుడ్డసంచీ బట్టను చిన్నది చేయజాలదు. రెండవ జిప్పు లాగి లోపలి గాలిని అదిమివేయు రకము ఒకటి కలదు. దానితో కొంత చోటు మిగులును, నిజమే. ఉన్నిబట్టలకు అది మంచిదే. కాని మన పిల్లల నూలు చొక్కాలు, పరికిణీలు అందులో రెండు దినములుండి బయటికి వచ్చునప్పుడు ముడుతలు చూడవలెను! పైగా మిగిలిన చోటు మిగిలినట్లు ఉండదు. మా యింటనే జరిగినది: చోటు కనబడగానే నా భార్య మరి రెండు చీరలు అందు ఉంచినది. ఆమె నిచట తప్పుపట్టుట లేదు. నేనైనను రెండు పుస్తకములు ఉంచెడివాడనే.

అయినచో వీనివలన ప్రయోజనమే లేదా? ఉన్నది. అది మొదటి దినమున కనబడదు, మూడవ దినమున కనబడును. ఇల్లు విడుచునప్పుడు ప్రతి పెట్టెయు చక్కగనే ఉండును. సత్రములో రెండు రాత్రులు గడచి, మాసిన బట్ట, ఉతికిన బట్ట, తడి తువాలు, కొండపల్లిలో కొన్న బొమ్మ అన్నియు కలగలసిన పిమ్మటనే కష్టము మొదలగును. విభజించి పెట్టుకొన్నవాని పెట్టె అప్పుడును మొదటి దినమువలెనే ఉండును. మాసినవాని సంచీ నిండుచు పోవును, ఉతికినవాని సంచీ తరుగుచు పోవును. ఒక్క హెచ్చరిక మాత్రము చేయవలెను. కృష్ణలో మునిగి వచ్చిన తడిబట్టను నైలాను సంచీలో మూసి పెట్టినచో మన సముద్రతీరపు ఉక్కలో మరునాటికి దుర్గంధము పుట్టును. తడిబట్ట ఆరువరకు ఏ సంచీలోను పెట్టరాదు.

ఇంతవరకు చెప్పినది సంచులను గూర్చి. కాని ఈ ప్రశ్నను నేను తేలికగా తీసికొనకపోవుటకు వేరొక కారణము కలదు. దానిని ఇంతకు పూర్వము ఈ వేదికపై చెప్పి యుండలేదు.

పదునాలుగేండ్ల క్రిందటి మాట. నాడు నేను ప్రధానోపాధ్యాయుడను కాను. మరియొక పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయుడను. ముప్పది యెనిమిది మంది పిల్లలను వెంటబెట్టుకొని రాత్రి బండిలో రాజమహేంద్రవరము పోవుచుంటిమి. నెల్లూరు దాటినది. దీపములు ఆర్పివేసితిమి. అర్ధరాత్రి దాటిన పిమ్మట ఒక బాలుడు నన్ను తట్టి లేపి, "సార్, వీడికి ఊపిరాడటం లేదు" అనెను. ఏడవ తరగతి పిల్లవాడు, క్రింది బెర్తుపై కూర్చుండి రెండు చేతులు మోకాళ్లపై ఆనించి, భుజములెగురవేయుచు గాలి పీల్చుచుండెను. వానికి ఉబ్బసము ఉన్నదని నాకు తెలియదు. అడిగి తెలిసికొనకుండుట నా తప్పు. అది నాదే, మరి యెవరిదియు కాదు. "మందున్నదా?" అని అడిగితిని. తల యూపెను. "ఎక్కడ?" అనగా సంచీ వంక చూపెను. సంచీలో ఎక్కడనో వానికి తెలియదు.

స్లీపరు పెట్టెలో ఒక్కొక్క అరకు ఎనిమిది బెర్తులు. ఎనిమిది మంది సామానును క్రింది బెర్తుల క్రిందనే. వాని సంచీ అన్నిటికి వెనుక ఉండెను. ముందరి సంచులను ఈడ్చి, గొలుసు తాళము తీసి, దానిని బయటికి లాగితిమి. తెరచి చూడగా ఆ సర్దుట ఎంత ముచ్చటగా ఉండెనో! ప్రతి చొక్కాయు ఇస్త్రీ మడత, ప్రతి మడత మధ్యను కాగితము. ఆ తల్లి ఎంత శ్రద్ధతో సర్దినదో చూచినవారికి తెలియును. నేను ఆ మడతలన్నిటిని బండి నేలపై విసరివేసితిని. సెల్‌ఫోను వెలుగులో మేము ముగ్గురు ఉపాధ్యాయులము వెదకితిమి. టికెట్టు పరీక్షకుడు ఒంగోలు స్టేషనుకు కబురు చేయుటకు పోయెను. పిల్లవాని పెదవులు నల్లబారుచుండెను. చివరకు ఇన్‌హేలరు దొరకినది. చలికోటు లోపల చుట్టిన తువాలు, తువాలు లోపల ఒక మేజోడు, మేజోడు లోపల మందు. పగిలిపోకుండుటకు ఆ తల్లి అంత భద్రపరచినది. దొరకుటకు పది పండ్రెండు నిమిషములు పట్టియుండును. నా జీవితమున అంతకన్న దీర్ఘమైన కాలము లేదు.

పిల్లవాడు తేరుకొనెను. ఒంగోలులో వైద్యుడు చూచి భయము లేదనెను. తిరిగి వచ్చిన పిమ్మట ఆ తల్లి నన్ను చూడవచ్చి కన్నీరు పెట్టుకొని, "వాడికి చెప్పాను సార్, తువాలులో పెట్టానని" అనెను. చెప్పియే యుండును. బాలుడు అప్పుడు బొమ్మల పుస్తకము చూచుచు "ఊఁ" అనియే యుండును. మన యిండ్లలో సర్దుట ఇట్లే జరుగును. తల్లి సర్దును, పిల్లవాడు మోయును. వాని భుజముపై ఉన్న సంచీలో ఏమున్నదో వానికి తెలియదు. తెలిసిన తల్లి ఆ బండిలో ఉండదు.

ఆ రాత్రి ఆ సంచీలో ఆరు క్యూబులుండినచో మందు వెంటనే దొరికెడిదా? నేను చాల కాలము ఆలోచించితిని. తల్లియే సర్ది, తల్లియే జిప్పు వేసి యుండినచో, ఆరు సంచులను తెరచి వెదకవలసి వచ్చెడిది. కొంత త్వరగా దొరికెడిదేమో గాని, పెద్ద భేదము ఉండెడిది కాదు. పిల్లవాడే తన చేతితో మందును ఒక చిన్న సంచీలో పెట్టుకొని, ఆ సంచీని తల క్రింద పెట్టుకొని పరుండినచో, అది అరవై పైసల గుడ్డసంచీయైనను చాలెడిది.

అందుచేత నేను ఈ నెలలో మరియొక పరీక్ష చేసితిని. ఎనిమిదవ తరగతి పిల్లలను నలుగురిని పిలిచి, వారిలో ఇద్దరి సంచులను మన ఉపాధ్యాయినులచే సర్దించితిని; ఇద్దరిని తామే సర్దుకొమ్మంటిని. నలుగురికిని క్యూబులు ఇచ్చితిని. మరునాడు గదిలో దీపములార్పి, తలుపులు మూసి, "తువాలు తీయండి" అంటిని. తామే సర్దుకొన్నవారిద్దరును తడుముకొని వెంటనే తీసిరి. ఒకని సంచీ లోపల పరమ వికారముగా ఉండెను. అయినను వాడే అందరికన్న ముందు తీసెను. మిగిలిన ఇద్దరు జిప్పులు ఒక్కొక్కటిగా లాగుచునే యుండిరి. నలుగురితో చేసినదానిని శాస్త్రమనుటకు వీలులేదు. కాని చూచిన నాకు సందేహము తీరినది.

ఇక ఖర్చు విషయము. ఈ పాఠశాలలో కార్యాలయోద్యోగుల పిల్లలు కలరు. కొత్తవాల్ చావడి నాటి నుండి మూటలు మోసి బ్రతికిన కుటుంబముల పిల్లలును కలరు. ఒకడు వల సంచులు తీసి బెర్తుపై వరుసగా పేర్చుచుండగా, ప్రక్కవాడు తన ప్లాస్టిక్ కవరును దాచుకొనుట నేను చూడదలచుకొనలేదు. కావున యాత్రకు ప్యాకింగ్ క్యూబులు కొనవలసిన పనిలేదు. ఇదివరకే కొన్నవారు తప్పు చేసినారని కాదు, ఉన్నవి తెచ్చుకొనవచ్చును.

కొననివారు ఏమి చేయవలెను? మీ యింట పసుపు సంచులు ఎన్ని యున్నవో లెక్కించి చూడుడు. పెండ్లి తాంబూలముతో ఇచ్చినవి, బట్టల దుకాణమున ఇచ్చినవి, తలుపు వెనుక మేకునకు పది పదునైదు వ్రేలాడుచుండును. ఒకసారి వాడి పారవేయు ప్లాస్టికును మన రాష్ట్రమున 2019 జనవరి 1 నుండి నిషేధించిరి. 2021 డిసెంబరులో ప్రభుత్వము వారు 'మీండుం మంజప్పై' అని, అనగా మరల పసుపు సంచి అని, ఒక ఉద్యమమునే ప్రారంభించిరి. ఒకప్పుడు పసుపు సంచీ పట్టుకొని పట్టణమునకు వచ్చినవానిని పల్లెటూరివాడని నవ్వెడివారు. ఆ సంచీని సగమునకు కత్తిరించి, నోటికి నాడా దూర్చి కుట్టినచో రెండు చక్కని సంచులగును. నూలుగుడ్డ గనుక గాలి ఆడును, పదిసార్లు ఉతుకవచ్చును. లోపల ఏమున్నదో కనబడదను లోపము ఒకటి కలదు. దానికి మందు మన యొద్దనే ఉన్నది: సంచీపై చెరగని సిరాతో పిల్లవాడే తెలుగులో వ్రాయవలెను. 'చొక్కాలు', 'లోబట్టలు', 'మాసినవి', 'మందులు'. ఇంట తెలుగు మాటలాడుచు వ్రాయుటకు జంకు పిల్లలు మనలో కొందరు కలరని మీకు తెలియును. నాలుగు మాటలు వ్రాయుటకు ఇంతకన్న సహజమైన సందర్భము నాకు దొరకలేదు. 'మాసినవి' అనుటను 'మోసినవి' అని వ్రాసినను నేను దిద్దను. మోయువాడు వాడే గదా!

సామాను పరిమితిని గూర్చి ఒక మాట. రైలులో స్లీపరు తరగతికి మనిషికి 40 కిలోలు, రెండవ తరగతికి 35 కిలోలు ఉచితముగా తీసికొని పోనిత్తురు. పండ్రెండేండ్లలోపు పిల్లలకు అందులో సగము. ఈ లెక్క చూచి ఎవరును సంతోషింపవలదు. పదమూడేండ్ల పిల్లవాడు మెట్లెక్కి వంతెన దాటి మోయగలిగినదే వాని పరిమితి. ఇంటిలో సంచీని భుజమునకు తగిలించి, వీధి చివరి వరకు పోయి రమ్మనుడు. మధ్యలో దింపినచో, బరువెక్కువైనదని అర్థము. ఉండవల్లి గుహల మెట్లు మీ పిల్లల కొరకు కాచుకొని యున్నవి.

ఒక తండ్రిగారు నాతో విడిగా, "వాళ్లనే సర్దుకోమంటే సగం మరచిపోతారండీ" అనిరి. మరచిపోవుదురు. దువ్వెన మరచిపోవుదురు, రెండవ మేజోడు మరచిపోవుదురు. మరువనిండు. ప్రక్కవాని దువ్వెనతో దువ్వుకొందురు. మీరు చేయవలసినది ఇంతే: బయలుదేరు ముందురాత్రి చాప పరచి, వస్తువులన్నిటిని దానిపై పెట్టి, పిల్లవానిని సర్దుకొననిండు. మీరు ప్రక్కన కూర్చుండి చూడుడు, చేయి వేయవలదు. అది తల్లులకు మిక్కిలి కష్టమని ఎరుగుదును. మందుల విషయమున మాత్రము నేను ఎవరిని నమ్మను, పిల్లవానిని గాని, మిమ్ములను గాని, నన్ను గాని. ప్రతి దినము మందు వాడు పిల్లలు, ఉబ్బసము, మూర్ఛ, మరి యే ఇతర బాధయైనను ఉన్న పిల్లలు ఎవరో ఒక కాగితముపై వ్రాసి నాకు ఇయ్యవలెను. ఇది బయట చెప్పుకొనరాదని కొందరి అభిప్రాయము. ఆడపిల్లల తల్లులు ముఖ్యముగా సంకోచింతురు. కాగితము నా యొద్దను, వెంట వచ్చు ఉపాధ్యాయిని యొద్దను తప్ప మరెక్కడను ఉండదు. మందు రెండు చోట్ల ఉండవలెను. ఒకటి పిల్లవాని మెడ సంచీలో, రెండవది నా సంచీలో.

వచ్చు శనివారము మధ్యాహ్నము రెండు గంటలకు కుట్టుపని ఉపాధ్యాయిని గారు క్రింది అంతస్తులోని గదిలో రెండు మిషనులతో ఉందురు. పిల్లకు రెండు పసుపు సంచుల చొప్పున పంపుడు. నాడాలు పాఠశాల ఇచ్చును. గత సమావేశమున ప్రశ్న అడిగిన తల్లిగారికి కుట్టుపని వచ్చునని తెలిసినది. వారు కూడ వచ్చి సహాయము చేయుటకు అంగీకరించిరి. నవ్విన తండ్రులలో ఎవరికైనను వీలున్నచో, కత్తిరించుటకు మనుష్యులు కావలసి యున్నారు.